ముసుగు నుంచి ముఖానికి : 'గ్రిమేస్' అనే మాట కథ

ఇంగ్లీషు వాచకాలలో 'గ్రిమేస్' అనే మాట అప్పుడప్పుడు కనిపిస్తుంది. చేదు మందు మింగినవాడు, కాలికి ముల్లు గుచ్చుకొన్నవాడు, ఎదుటివాడు గిట్టనివాడు మొగం పెట్టే తీరును ఆ మాట తెలుపుతుంది. మన నిఘంటువులు దీనికి 'ముఖవికారం' అని అర్థం చెబుతాయి. పరీక్షకు ఈ అర్థం చాలును. కాని ఇదే మాట ప్రసూతి ఆసుపత్రులలో, అప్పుడే పుట్టిన శిశువు స్థితిని నమోదు చేసే పట్టికలో కూడా ఉన్నది. అక్కడ దానికి రెండు మార్కులు. వెక్కిరింతకు వాడే మాట బిడ్డ ప్రాణస్థితిని తెలిపే గుర్తుగా ఎట్లా మారినది? ఈ ప్రశ్నకు సమాధానం వెదికితే ఒక మాట చరిత్రతోపాటు, ముఖాన్ని గురించి శాస్త్రజ్ఞులు చేసిన వాదోపవాదాల చరిత్ర కూడా తెలుస్తుంది.

మాట పుట్టుక

'గ్రిమేస్' ఇంగ్లీషువారి సొంత మాట కాదు. 17వ శతాబ్దం మధ్యకాలంలో ఫ్రెంచి భాషనుంచి ఇంగ్లీషులోనికి వచ్చినది. ఫ్రెంచివారికి అది ఎక్కడ దొరికినదనే విషయంలో పండితులలో రెండు అభిప్రాయాలు ఉన్నవి. ఫ్రెంచి దేశాన్ని పూర్వం ఏలిన ఫ్రాంకుల జర్మానిక్ భాషలో 'గ్రీమ' అనే మాట ఉండేదనీ, దానికి ముసుగు, అనగా ముఖానికి తొడుగుకొనే కృత్రిమ ముఖం అని అర్థమనీ ఒక పక్షం వారు అంటారు. స్పానిష్ భాషలో భయాన్ని, జుగుప్సను తెలిపే 'గ్రిమ' నుంచి వచ్చినదని రెండవ పక్షం వారి వాదం. ఆ స్పానిష్ మాట కూడా జర్మానిక్ మూలం గలదే కాబట్టి ఈ రెండు అభిప్రాయాలకు పెద్ద దూరం లేదు. ముసుగును చూస్తే భయం కలుగుతుంది. భయపెట్టడానికే ముసుగు వేసుకొంటారు.

ప్రాచీన ఇంగ్లీషులో కూడా 'గ్రీమ' అనే మాట ఉండేది. ముసుగు, శిరస్త్రాణం, దయ్యం అనే మూడు అర్థాలలో దానిని వాడేవారు. 'బేవుల్ఫ్' అనే ప్రాచీన ఇంగ్లీషు కావ్యంలో ముఖాన్ని కప్పే శిరస్త్రాణానికి ఈ మాటతో ఏర్పడిన సమాసమే ఉన్నది. అటువంటి శిరస్త్రాణం ఒకటి 1939లో ఇంగ్లండు తూర్పు భాగంలోని సటన్ హూ అనే చోట, 7వ శతాబ్దపు సమాధిలో దొరికినది. కనుబొమలు, ముక్కు, మీసాలు లోహంతో దిద్దిన ఆ ముఖాన్ని నేటికీ బ్రిటిష్ మ్యూజియంలో చూడవచ్చును. ఉత్తర యూరపు ప్రజలు కొలిచిన ఓడిన్ దేవుడు మారువేషాలలో లోకం చుట్టేవాడని కథలు ఉన్నవి. ఆయన పేర్లలో 'గ్రీమ్‌నిర్' ఒకటి. ముసుగు వేసుకొన్నవాడని దాని అర్థం.

మరొక చిత్రమైన సంగతి ఉన్నది. మధ్యయుగపు డచ్చి భాషలో 'గ్రీమ్' అంటే మసి అనీ, ముసుగు అనీ రెండు అర్థాలు. ఇంగ్లీషులో మురికిని, మసిని తెలిపే 'గ్రైమ్' అనే మాట ఈ వంశానిదే. ఫ్రెంచి నాటకరంగంలో ముఖానికి రంగు పూసి గీతలు దిద్దడాన్ని 'గ్రిమే' అంటారు. చెక్కతోనో తోలుతోనో ముసుగు చేసుకోవడం అందరికీ సాధ్యం కాదు. పొయ్యిలోని మసి మాత్రం ప్రతి ఇంటా ఉంటుంది. ముఖాన మసి పూసుకొంటే చాలు, మనిషి మరొకడవుతాడు. మసికీ ముసుగుకూ ఒకే మాట ఉండడంలో ఆశ్చర్యం లేదు.

తిరుపతి జాతరలో ముఖాలు

మసి, ముసుగు, భయం, దైవం - ఈ నాలుగు భావాలు ఒకచోట ఎట్లా కలిసినవో యూరపు పుస్తకాలలో మాత్రమే చదివినవారికి కొంత దూరపు సంగతిగా తోచవచ్చును. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల పిల్లలకు ఇది కళ్లయెదుటి విషయం. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మకు వైశాఖ మాసంలో జాతర జరుగుతుంది. చాటింపు వేసిన తరువాత రోజుకొక వేషం. బైరాగి వేషానికి ఒంటికి తెల్లని పూత. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి బొగ్గు మసి. దొర వేషానికి చందనం. మాతంగి వేషం, సున్నపు కుండలు, చివరకు పేరంటాలు వేషం కూడా ఉన్నవి. మగవారు మొక్కుబడిగా ఆడవేషం వేసుకొని వీధులలో తిరగడం ఈ జాతరలోని ప్రత్యేకత.

ఆడవారిని చెరబట్టే పాలెగాణ్ణి శిక్షించడానికి గంగమ్మ పూనుకోగా వాడు భయపడి దాగినాడనీ, అమ్మవారు రకరకాల వేషాలలో వెదికి, దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించి సంహరించినదనీ స్థలకథ. కైకాల కుటుంబాలవారు అమ్మవారి వేషాలు ధరించి ఈ కథను ఇంటింటి ముందూ నడుపుతారు. చివరి రాత్రి గుడి ముందు గంగమ్మ విశ్వరూపాన్ని మట్టితో పెద్ద ముఖంగా తీర్చుతారు. తెల్లవారుజామున పేరంటాలు ఆ మట్టిముఖం చెంప నరుకుతుంది. రాలిన మట్టిని భక్తులు ప్రసాదంగా ఇండ్లకు తీసుకొనిపోతారు.

చిత్తూరు ప్రాంతపు పల్లెలలో జరిగే భారత ఉత్సవాలలో కూడా వీధినాటకం వారు ముఖాన్ని ఇట్లాగే మార్చుకొంటారు. పూర్వం దివిటీల వెలుతురులో దూరాన కూర్చున్నవారికి కనిపించవలెను గనుక కనుబొమలు, మీసాలు మసితో లావుగా దిద్దేవారు. పసుపు రంగుకు అరదళం వాడేవారు. అది గంధకం, ఆర్సెనిక్ కలిసిన ఖనిజం, విషపదార్థం. వేషగాడు ముఖం కోసం చర్మాన్నే పణంగా పెట్టేవాడన్నమాట.

ఆచారాలలో పోలిక ఉన్నంత మాత్రాన మాటలకు చుట్టరికం ఉన్నదని అనుకోరాదు. జర్మానిక్ భాషల 'గ్రీమ' వేరు, మన 'వేషం' వేరు. అయితే వేషం అంటే మోసం మాత్రమే కాదని జాతర మనకు చూపుతుంది. గంగమ్మ జాతరను పరిశోధించిన అమెరికన్ పండితురాలు జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ప్రకటించిన గ్రంథంలో ఈ సంగతినే వివరించినది. అమ్మవారి వేషాలు లోపలి శక్తిని కప్పిపుచ్చేవి కావనీ, దానిని బయటపెట్టేవనీ ఆమె అభిప్రాయం. ముఖం లోపలిదాన్ని దాచుతుందా, చూపుతుందా? 'గ్రిమేస్' అనే మాట చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగినది.

నటన అనే అర్థం

ఫ్రెంచివారి నుంచి ఇంగ్లీషువారు ఈ మాటను తీసుకొన్నప్పుడు అది దాచే ముఖానికి పేరుగానే వచ్చినది. కపటం, డాంబికం, పైపై మర్యాద అనే అర్థాలలో దానిని వాడేవారు. 1755లో సామ్యూల్ జాన్సన్ తన ప్రసిద్ధ నిఘంటువులో ఈ మాటకు అర్థం చెబుతూ ముఖం వికృతం కావడానికి మూడు కారణాలు పేర్కొన్నాడు: అలవాటు, డాంబికం, పొగరు. నొప్పి ఆ జాబితాలో లేదు. నేడు 'గ్రిమేస్' అనగానే మనకు మొదట స్ఫురించేది నొప్పి. నిఘంటుకర్త చెప్పిన మూడు కారణాలూ మనిషి తెచ్చిపెట్టుకొనేవి. నొప్పి మనిషిని అడిగి రాదు. ఈ మార్పు రావడానికి శరీరశాస్త్రం తోడ్పడినది.

తెలుగులో ముఖపు మాటలు

అంతకుముందు మన భాషను కొంచెం పరికించవలెను. 'వికారం' అంటే మొదట మార్పు అని మాత్రమే అర్థం. అమరకోశం 'భావం' అనే మాటకు మనస్సులో కలిగే వికారం అని అర్థం చెప్పినది. క్రమంగా తెలుగులో ఆ మాట చూడరాని రూపానికీ, ఆపైన కడుపులో తిప్పడానికీ పేరైనది. మార్పును తెలిపే మాట చెడు మార్పును మాత్రమే తెలిపే మాటగా దిగజారినది.

తెలుగు క్రియాపదాలలో ఇంతకన్న ఆసక్తికరమైన విషయం ఉన్నది. 'మూతి ముడుచుకొన్నాడు', 'మొగం మాడ్చుకొన్నాడు', 'కనుబొమలు చిట్లించినాడు' అంటాము. 'మొగం అట్లా పెట్టుకోనుండావేమి?' అని చిత్తూరు పల్లెలలో తల్లులు బిడ్డలను అడుగుతారు. ఇవి మనిషి చేసే పనులు. 'మొగం వెలవెలబోయింది', 'చిన్నబోయింది', 'ఎర్రబడింది', 'వాడిపోయింది' - ఇక్కడ కర్త మనిషి కాడు, ముఖమే కర్త. ఒకటి 'కొను', మరొకటి 'పోవు', 'పడు'. ముఖాన్ని మనం పెట్టుకోవచ్చును. అది తనంతట తాను మారిపోవచ్చును కూడా. ఈ భేదాన్ని వ్యాకరణం నేర్వని పల్లె మనిషి కూడా పొరపాటు లేకుండా పాటిస్తాడు.

భరతముని నాట్యశాస్త్రం ఈ భేదాన్ని వేరొక విధంగా గుర్తించినది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అనే ఎనిమిదింటిని సాత్త్విక భావాలని విడదీసినది. చెమట పట్టడం, గగుర్పొడవడం, రంగు మారడం, కన్నీరు రావడం - ఇవి చేయి తిప్పినంత తేలికగా తెచ్చుకోగలిగినవి కావు. మనస్సు పూర్తిగా లగ్నమైతేనే నటునికి సాధ్యమవుతవి.

ముగ్గురు శాస్త్రజ్ఞులు

శరీరంలోని కండరాలలో చాలా భాగం ఎముకకూ ఎముకకూ మధ్య పట్టి ఉంటవి. ముఖ కండరాలు అట్లా కాదు. వాటి ఒక కొన చర్మానికే అంటుకొని ఉంటుంది. అందుచేత అవి ముడుచుకొన్నప్పుడు చర్మం మడతలు పడుతుంది. ఇవి సుమారు ఇరవై జతలు. వీటిని నడిపేది కపాల నాడులలో ఏడవది. ఈ నాడి పనితీరును 19వ శతాబ్దం తొలిభాగంలో పరిశోధించినవాడు స్కాట్లండుకు చెందిన చార్లెస్ బెల్. ఈ నాడి దెబ్బతిని ముఖం ఒక పక్కకు జారిపోయే వ్యాధిని నేటికీ ఆయన పేరుతోనే 'బెల్స్ పాల్సీ' అంటారు. 1806లో ఆయన చిత్రకారుల కోసం ముఖభావాలను గురించి ఒక గ్రంథం వ్రాసినాడు. భావాలను వెల్లడించడానికే దేవుడు మనిషికి కొన్ని ప్రత్యేక కండరాలను ప్రసాదించినాడని ఆయన నమ్మకం.

ఫ్రెంచి వైద్యుడు డుషేన్ 1862లో మరొక ముందడుగు వేసినాడు. ముఖంలో స్పర్శజ్ఞానం లేని ఒక వృద్ధుని చెంపలపైన, నుదుటిపైన విద్యుత్తు ప్రసరింపజేసి ఒక్కొక్క కండరాన్నే ముడుచుకొనేటట్లు చేసి ఫోటోలు తీయించినాడు. వృద్ధునికి ఏ బాధా లేకపోయినా ముఖంలో బాధ కనిపించినది. ఏ సంతోషమూ లేకపోయినా నవ్వు కనిపించినది. విద్యుత్తుతో చేసిన ముసుగులవి. అయితే ఆయన ఒక తేడా కనిపెట్టినాడు. పెదవుల కొనలను పైకి లాగే కండరం మన ఇష్టానికి లొంగుతుంది. నిజమైన ఆనందంలో కంటి చుట్టూ ఉండే కండరం కూడా ముడుచుకొంటుంది. అది సులభంగా మన మాట వినదు.

డుషేన్ ఫోటోలను చార్లెస్ డార్విన్ తన గ్రంథంలో వాడుకొన్నాడు. మనుషులలో, జంతువులలో భావవ్యక్తీకరణను గురించిన ఆ గ్రంథం 1872లో వెలువడినది. ముఖభావాలు మనుషులందరికీ ఒకటేనా అని తెలుసుకోవడానికి డార్విన్ 1867లో పదహారు ప్రశ్నలు అచ్చు వేయించి వివిధ దేశాలలోని పరిచితులకు పంపినాడు. మన దేశం నుంచి కూడా సమాధానాలు వెళ్లినవి. కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనం నుంచి స్కాట్, బొంబాయి రాజధానిలోని అహమ్మద్‌నగర్ జిల్లా నుంచి ఎర్స్‌కిన్ అనేవారు వ్రాసినారు. ఎర్స్‌కిన్ వ్రాసిన ఒక విషయం గమనించదగినది. యూరోపియనుల ఎదుట ఇక్కడివారు తమ భావాలన్నిటినీ అలవాటుగా దాచుకొంటారు గనుక ఏ నిర్ణయానికీ రావడం కష్టంగా ఉన్నదని ఆయన చెప్పినాడు. ఎదుట ఉన్నది అధికారి. చూసేవాడు ఎవడనే దాన్ని బట్టి కనిపించే ముఖం మారుతుందని ఈ జవాబు రుజువు చేస్తున్నది.

దాచుకోవడం నేర్వని ముఖాల కోసం డార్విన్ పసిబిడ్డలను గమనించినాడు. 1839లో పుట్టిన తన పెద్ద కుమారుని ముఖకవళికలను ఆయన దినచర్యగా వ్రాసి పెట్టుకొన్నాడు. బిడ్డ గట్టిగా ఏడ్చినప్పుడు కళ్లు మూసుకొని, కనుబొమలు దగ్గరకు చేర్చి, నోరు చతురస్రంగా తెరుస్తాడు. ఏడ్పులో కంటి రక్తనాళాలలో రక్తం ఉబికి వస్తుందనీ, దాని ఒత్తిడినుంచి కంటిని కాపాడడానికి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకొంటాయనీ ఆయన వివరించినాడు. ముఖవికారానికి డాంబికంతో పనిలేని కారణం ఒకటి ఈ విధంగా శాస్త్రంలో చోటు చేసుకొన్నది.

ముఖానికి రెండు దారులున్నవని తరువాతి పరిశోధనలు నిర్ధారించినవి. ఇష్టపూర్వకంగా చేసే చలనాలకు ఆజ్ఞ మెదడు పైపొరలోని చాలక భాగం నుంచి వస్తుంది. ఉద్రేకంతో వచ్చే చలనాలకు వేరే మార్గం ఉన్నది. పక్షవాతం వచ్చిన కొందరు రోగులను నవ్వమని అడిగితే ముఖం ఒక పక్కే కదులుతుంది. వారే ఏదైనా హాస్యం విని నిజంగా నవ్వినప్పుడు రెండు పక్కలూ కదులుతవి. 'కొను' క్రియలకు ఒక దారి, 'పోవు' క్రియలకు ఒక దారి అని మన భాషలో చెప్పుకోవచ్చును.

పుట్టిన బిడ్డకు మార్కులు

న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయంలో మత్తుమందు వైద్యురాలు వర్జీనియా ఆప్గార్ 1952లో ఒక సులభమైన పద్ధతి కనిపెట్టి 1953లో ప్రకటించినది. పుట్టిన నిమిషానికి బిడ్డలో ఐదు లక్షణాలు చూడవలెను: ఒంటి రంగు, గుండె వేగం, ప్రేరణకు ప్రతిచర్య, కండరాల బిగువు, శ్వాస. ఒక్కొక్కదానికి సున్న నుంచి రెండు వరకు మార్కులు, మొత్తం పది. తరువాత ఐదవ నిమిషంలో కూడా మార్కులు వేయడం ఆచారమైనది. సుమారు పదేళ్లకు డెన్వర్ నగరంలోని పిల్లల వైద్యుడు జోసెఫ్ బటర్‌ఫీల్డ్, విద్యార్థులకు జ్ఞాపకం ఉండేందుకు, ఆప్గార్ పేరులోని ఐదు ఇంగ్లీషు అక్షరాలకు ఐదు లక్షణాలను సరిపెట్టినాడు. మూడవ అక్షరానికి ప్రతిచర్య బదులు 'గ్రిమేస్' కుదిరినది.

బిడ్డ ముక్కులో సన్నని గొట్టం తగిలించినప్పుడో, అరికాలిపై చిటికె వేసినప్పుడో ఏ చలనమూ లేకపోతే సున్న. ముఖం చిట్లిస్తే ఒకటి. ఏడ్చినా, తుమ్మినా, దగ్గినా రెండు. తిరుపతిలోనైనా, డెన్వర్‌లోనైనా ఈ లెక్క ఒకటే. ఈ మార్కులు బిడ్డకు ఆ క్షణంలో ఎంత సాయం కావలెనో సూచించడానికి మాత్రమే. ముందుముందు బిడ్డ తెలివితేటలు ఎట్లా ఉంటవో వీటివలన చెప్పరాదు.

కాని ముఖం చిట్లించిన శిశువుకు నిజంగా నొప్పి ఉన్నదా? 1980 దశకం వరకు చాలామంది వైద్యులు లేదనే అనుకొనేవారు. నవజాత శిశువు నాడీమండలం పూర్తిగా ఎదగలేదు గనుక ఆ ముఖవికారం ఉత్త ప్రతిచర్య మాత్రమేనని వారి వాదం. అందుచేత కొన్ని ఆసుపత్రులలో శిశువులకు నొప్పి తెలియకుండా చేసే మందు చాలినంత ఇవ్వకుండానే శస్త్రచికిత్సలు జరిగినవి. ముఖం చెబుతున్నదాన్ని ముసుగుగా భావించడం వలన జరిగిన అన్యాయం ఇది. భారతదేశంలో వైద్యవిద్య చదివిన కె. జె. ఎస్. ఆనంద్, తన సహచరులతో కలిసి, 1987లో ప్రకటించిన పరిశోధనలు ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేసినవి. నెలలు నిండని శిశువులకు శస్త్రచికిత్సలో నొప్పిని అణచే మందు ఇచ్చినప్పుడు వారి శరీరంలోని ఒత్తిడి తగ్గి, తరువాత చిక్కులు తక్కువైనవని తేలినది. అదే 1987లో కెనడాకు చెందిన గ్రూనౌ, క్రెయిగ్ అనేవారు శిశువు నుదురు ఉబ్బడం, కళ్లు బిగించడం, ముక్కు పక్కన మడత పడడం వంటి చలనాలను లెక్కించి నొప్పిని అంచనా వేసే పద్ధతి రూపొందించినారు.

2010లో కెనడాలోనే మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎలుకల నొప్పిని కొలవడానికి ముఖవికార కొలబద్ద ఒకటి తయారుచేసినారు. దాని పేరులోనే 'గ్రిమేస్' ఉన్నది. ఆ తరువాత గుర్రాలకు, కుందేళ్లకు, పిల్లులకు కూడా ఇటువంటివి వచ్చినవి. నోరులేని జీవి తన బాధను ఎట్లా చెప్పుకొంటుందనే ప్రశ్నకు ఒకప్పుడు ముసుగుకు పేరైన మాట సమాధానంగా నిలిచినది.

ముఖం చదవడంలో జాగ్రత్త

దీనిని బట్టి ముఖం చూసి మనస్సంతా చదవవచ్చునని అనుకొంటే తప్పు. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరికొందరు శాస్త్రజ్ఞులు కలిసి అప్పటివరకు జరిగిన పరిశోధనలను సమీక్షించినారు. ఒకే భావానికి అందరూ ఒకే ముఖం పెట్టరనీ, ఒకే ముఖం వెనుక వేరువేరు భావాలుండవచ్చుననీ వారు తేల్చినారు. ముఖం చూసి భావాన్ని పసిగట్టే యంత్రాలను పాఠశాలలలో, పనిచేసే చోట్ల వాడరాదని యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన చట్టం నిషేధించినది. వైద్యం, భద్రత కోసమైతే మినహాయింపు ఉన్నది.

పసిబిడ్డకు దాచుకోవడం తెలియదు. కాబట్టి ఆ ముఖాన్ని నమ్మవలెను. పెరిగినకొద్దీ మొగమాటం, భయం, గౌరవం, గర్వం మనిషికి రకరకాల ముఖాలు నేర్పుతవి. తరగతిలో కనుబొమలు ముడిచిన విద్యార్థికి పాఠం అర్థం కాకపోయి ఉండవచ్చును; ఎండ కళ్లలో పడి ఉండవచ్చును; పొద్దున అన్నం తినకుండా వచ్చి ఉండవచ్చును. అహమ్మద్‌నగర్‌లో ఎర్స్‌కిన్‌కు ఎదురైన చిక్కే ఉపాధ్యాయునికీ ఎదురవుతుంది. నోరున్న మనిషి విషయంలో ముఖం చూసి ఊరుకోక, దగ్గరికి పిలిచి అడగడం ఉత్తమం. బడిపిల్లవాడు అధికారి ఎదుట చెప్పడు. తనకు మేలు కోరేవారని నమ్మకం కుదిరినవారి ఎదుట చెబుతాడు.